రాలిన పిందెను కోసి చూసినాక మందంగడికి పోండి

ఉగాది అయినాక మా ఇంట్లో ఫోన్లు మోగేదంతా ఒకే గొడవ మీద. కింద మా నాయన, తిరుపతి దగ్గరి పాకాల పక్కనుండే మామిడితోట గురించి, పిందె రాలతా ఉందంట, చెట్టు కింద పచ్చగా పరుచుకుందంట అని కాపలా ఆయనతో. పైన పోర్షన్లో బాడుగకుండే బీహార్ కుర్రోడు, వాళ్ళది ముజఫర్‌పూర్, వాళ్ళ నాన్నతో లీచీతోట గురించి. భాష వేరే, చెట్టు వేరే, ఫోన్ పెట్టేసినాక ఇద్దరి మొహాలూ మాత్రం ఒకటే రకం. మా నాయనకు దామలచెరువు మండీలో నార్త్ సేట్లతో బేరాలాడీ ఆడీ కాస్త హిందీ వచ్చు, అంటే రేటు, తూకం, కమీషను అంతవరకే, అయినా ఆ హిందీతోనే సాయంత్రం మెట్ల మీద కూర్చోని ఆ పిల్లోడితో రాలుడు గురించి గంటలు గంటలు మాట్లాడతాడు, మాట అందనప్పుడు నన్ను పిలుస్తాడు. ఆ మాటల్లో తేలిందీ, నేను చదివిందీ, తోటలో కళ్ళతో చూసిందీ కలిపి రాస్తా ఉన్నాను. ఎందుకంటే మా చుట్టాల్లో సగం మంది పిందె రాలిందంటే చాలు తిన్నగా పురుగుమందుల అంగడికి పోయి అంగడాయన ఏ డబ్బా చేతిలో పెడితే అది తెచ్చి కొట్టేస్తా ఉన్నారు, దేనికి కొడతా ఉన్నావురా అంటే రాలకుండా అంటారు, ఎందుకు రాలతా ఉంది అంటే మాత్రం జవాబు లేదు.

మొదట చెప్పాల్సింది ఏమంటే, రాలేదాంట్లో ఎక్కువ భాగం చెట్టు తనంతట తాను వదిలించుకునేదే. మామిడిలో ఒక్క పూగుత్తికే వెయ్యి మొదలుకొని ఆరు వేల దాకా పూలుంటాయి, అందులో చాలావరకు మగపూలు, అవి రాలక ఏం చేస్తాయి. మిగతావాటిలో కొన్నే పిందె కడతాయి, ఆవగింజంత ఉన్నప్పుడు కొన్ని పోతాయి, బఠాణీ అంత ఉన్నప్పుడు కొన్ని, గోలీ అంత అయినాక ఇంకొన్ని, చివరికి గుత్తికి ఒకటో రెండో నిలబడితే ఆ ఏడు మంచి కాపు అని మనమే చెప్పుకుంటాం. మొత్తం పూలతో లెక్కేసుకుంటే నూటికి ఒక్కటి కూడా కాయ కాదు. లీచీ కూడా ఇదే బాపతు. దాని గుత్తిలో ముందు మగపూలు విచ్చుకుంటాయి, ఆ తర్వాత ఆడపూలుగా పనిచేసేవి, మళ్ళీ మగవి, ఇట్లా వంతులవారీగా వస్తాయి కాబట్టి ఆడపూలు విచ్చుకున్న రోజుల్లో చుట్టుపక్కల పుప్పొడీ దాన్ని మోసే తేనెటీగా రెండూ దొరకాల, దొరక్కపోతే పిందె కట్టినట్టే కట్టి రాలిపోతుంది. అందుకే లీచీలో పిందె పడిన మొదటి నెలలోనే ఎక్కువ పోతాయి. వందలకొద్దీ పూసిన గుత్తిలో కోతకు ఓ పదీ ఇరవై కాయలుంటే వాళ్ళకు గొప్ప.

కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో చెట్టు కింద చీపురేసి ఊడ్చేంత రాలినా గుండె పట్టుకోవాల్సిన పని లేదు. నిమ్మకాయంత అయినాక రాలితే మాత్రం కంగారు పడాల్సిందే, అప్పటికి చెట్టు తిండీ మన నీళ్ళూ అన్నీ దాంట్లోకి పోయి ఉంటాయి.

అసలు కాయ ఎందుకు ఊడుతుంది అనేది నాకు చాన్నాళ్ళు తెలీదు, తెలిసినాక చాలా విషయాలు వాటంతట అవే అర్థమైనాయి. కాయకూ తొడిమకూ మధ్య ఒక సన్నటి పొర ఉంటుంది. లోపల గింజ పెరగతా ఉన్నంతకాలం ఆక్సిన్ అనే పదార్థం తయారుచేసి తొడిమ గుండా కిందికి పంపిస్తానే ఉంటుంది. చీటీ మాదిరి అనుకోండి, నెలనెలా డబ్బు కడతా ఉన్నంతకాలం నీ పేరు పుస్తకంలో ఉంటుంది, రెండు నెలలు ఎగ్గొడితే కొట్టేస్తారు. గింజ చచ్చిపోయినా, తిండి చాలకపోయినా, నీళ్ళకు కటకట వచ్చినా ఆక్సిన్ తగ్గిపోతుంది, అప్పుడు ఆ పొరలో ఇథిలిన్ అనే ఇంకో పదార్థం పని మొదలుపెడుతుంది, కణాలను అతికించి పట్టుకునే జిగురు కరిగిపోతుంది, ఇంక చిన్న గాలొచ్చినా చాలు, కాయ కింద ఉంటుంది. అంటే మనకు కనపడేది ఈరోజు రాలడం, కారణం వారం పది రోజుల కిందటిది అయ్యుండొచ్చు. ఈరోజు మందు కొట్టి రేపు రాలడం ఆగలేదని ఇంకో మందు తెచ్చేవాళ్ళకు ఈ ఒక్క ముక్క చెప్పాల.

అందరూ తెచ్చి కొట్టే ప్లానోఫిక్స్ కూడా ఇదే, మనిషి తయారుచేసిన ఆక్సిన్, ఎన్‌ఏఏ అంటారు, డబ్బాలో నాలుగున్నర శాతం ఉంటుంది. గింజ బతికుండి, చెట్టు నీరసంతో వదలాలని చూస్తా ఉన్న పిందెను ఇది కొన్నాళ్ళు పట్టి ఉంచుతుంది, నిజంగానే పనిచేస్తుంది, నేను కాదనడం లేదు. కానీ లెక్క చూసుకోవాల. 200 లీటర్ల డ్రమ్ముకు 45 మిల్లీలీటర్లు వేస్తే 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ నీళ్ళకు పది పాళ్ళు ఎన్‌ఏఏ, 90 వేస్తే 20 పీపీఎం, పిందె రాలుడుకు మాట్లాడేది ఈ మధ్యలోనే. "ఇంకొంచెం పోస్తే ఇంకొంచెం పట్టుకుంటాది" అని మూత నిండా పోసేవాళ్ళను చూసినాను. ఇదే ఎన్‌ఏఏని ఆపిల్ తోటల్లో కావాలని పిందె రాల్చడానికి, కాయలు పలచన చేయడానికి కొడతారు. మోతాదో కొట్టే సమయమో మారితే పని తలకిందులు అవుతుంది మరి. ఇక పురుగు తిన్న పిందెకూ, గింజ మాడిపోయిన పిందెకూ ఎంత కొట్టినా అది నిలబడదు, డబ్బు దండగ.

అందుకే మా నాయన పద్ధతి నాకు నచ్చుతుంది. తోటకు పోతే మొదట తల ఎత్తి చెట్టును చూడడు, కిందే చూస్తాడు. తోతాపురి చెట్టు నీడలో కుదురుగా కూర్చోని రాలిన పిందెలు ఓ గుప్పెడు ఏరుకొని, అవి కూడా ఆ పొద్దు రాలినవే, నిన్నటివి నల్లబడి ఏమీ చెప్పవు, ఒక్కొక్కదాన్నీ ముందు తొడిమ దగ్గర తిప్పి చూస్తాడు. తొడిమ ఊడిన చోట గుండ్రంగా, నున్నగా, ఆరిపోయి ఉంటే చెట్టే వదిలిపెట్టిందని అర్థం. తొడిమ ముక్క కాయతోనే వచ్చి, పచ్చి నార చీలి, సొన కారి కాయంతా మరకలైతే అది గాలి పని, దానికి మందు ఏ అంగడిలోనూ దొరకదు. తర్వాత జేబులోంచి చాకు తీసి నిలువునా కోస్తాడు. లోపల గింజ గోధుమరంగుకు తిరిగి ముడుచుకొని ఉంటే అది ఎప్పుడో చచ్చింది, పూత టైములో చలో మబ్బో పుప్పొడి అందకపోవడమో జరిగింది, ఇప్పుడు చేసేదేమీ లేదు. గింజ తెల్లగా నిండుగా ఉండి, తొడిమ నున్నగా ఉంటే మాత్రం లేచి నిలబడి డ్రిప్పు లైన్ దగ్గరికి పోతాడు, ఎందుకంటే అది బతికుండగానే చెట్టు వదిలేసిన పిందె, నీళ్ళో తిండో చాలడం లేదు. కాయ ముక్కు దగ్గర సూది గుచ్చినంత చిల్లి, చుట్టూ తడి మరక ఉంటే కోసేటప్పుడు జాగ్రత్త, లోపల ఎర్ర పట్టీలూ తెల్ల పట్టీలూ ఉండే పురుగు ఉంటుంది, కాయతొలుచు పురుగు, గింజను తినేసి పక్క కాయకు పోవడానికి రెడీగా ఉంటుంది. మా అక్క కొడుకు మొదటిసారి దాన్ని చూసి చాకు పారేసినాడు.

ఇంక చూసేది పూకాడ. తెల్లటి పొడి అద్దినట్టుంటే బూడిద తెగులు, దానికి నీళ్ళలో కరిగే గంధకం. ఆకులు చేత్తో తాకితే జిగురుగా అతుక్కొని, కొన్నాళ్ళకు నల్లటి మసి పట్టినట్టు అయితే తేనెమంచు పురుగు. కాడల మీదా పిందె మీదా నల్ల మచ్చలైతే మచ్చ తెగులు. నాలుగు రకాల రాలుడుకు నాలుగు దారులు, ఒక్క డబ్బాతో అన్నిటికీ సరిపెడదామంటే ఎట్లా.

పైన పోర్షన్ పిల్లోడి కథకు వస్తే, ఒకరోజు వాళ్ళ నాన్న వీడియోకాల్‌లో ఉంటే మా నాయన ఫోన్ లాక్కొని "భాయ్‌సాబ్, ఫల్ కాటో, కాట్‌కే దిఖావో", అంటే కాయ కొయ్యి, కోసి చూపించు అని మొదలుపెట్టినాడు. ఆయన అక్కడ తోటలో నిలబడి రాలిన పచ్చి లీచీ ఒకటి తీసి తొడిమ పక్కన తొక్క ఒలిచి కెమెరాకు దగ్గరగా పెట్టినాడు. తొడిమ కింద గోధుమరంగు పొడి, సన్నగా, తడిసిన ముక్కుపొడి ఎట్లుంటుందో అట్లా. మా నాయనకు లీచీ గురించి ఏమీ తెలీదు, తిన్నది కూడా తక్కువే, కానీ ఆ పొడి చూడగానే "కీడా హై", పురుగుంది అన్నాడు. అది లీచీ కాయతొలుచు పురుగు, తొడిమ వైపు నుంచే లోపలికి పోతుంది, ముజఫర్‌పూర్ వాళ్ళకు పాత శత్రువే. ఆ తోటాయన మాత్రం అప్పటిదాకా అంతా పఛియా వల్లే అనుకుంటా ఉన్నాడంట.

పఛియా అంటే అక్కడ పడమటి నుంచి వీచే వేడిగాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 38 డిగ్రీలు దాటి, గాలిలో తేమ లేకుండా ఇది పట్టుకుందంటే లీచీ పిందె రాలడమే కాదు, నిలబడిన కాయ కూడా తొక్క పగిలి లోపలి గుజ్జు బయటపడుతుంది. తూర్పు నుంచి పుర్వా వీస్తే ఊపిరి పీల్చుకుంటారు, అది తేమ తెస్తుంది. వాళ్ళు చేసేది పడమటి వైపు గాలికి అడ్డంగా ఎత్తు చెట్లు పెట్టుకోవడం, పాదుల్లో ఎండాకు పరిచి తేమ ఆరకుండా చూసుకోవడం, చెట్ల మీద నీళ్ళు చిమ్మడం. మనకు ఇక్కడ వేడి కొత్తేమీ కాదు, మనల్ని ముంచేది సాయంత్రం పూట ఉన్నట్టుండి లేచే గాలివాన, కోతకు రెండు మూడు వారాల ముందు ఒక్క అరగంట చాలు. తోట గట్ల మీద సరుగుడో వెదురో పెట్టుకున్నోళ్ళకు ఎంతో కొంత తేడా తెలుస్తుంది.

నీళ్ళ సంగతి కాస్త ఎక్కువ చెప్పాల, మన జిల్లాలో గొడవంతా అక్కడే ఉంది. పూత రావాలంటే చెట్టును ఎండబెట్టాల, నీళ్ళు ఆపేయాల, అది అందరికీ తెలుసు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాల అనే దగ్గర తప్పుతుంది. పిందె బఠాణీ అంత అయినాక పది పదిహేను రోజులకొకసారి తడి ఇవ్వాల, అదీ మెల్లగా. మనోళ్ళు ఏం చేస్తారంటే వెయ్యి అడుగులు తవ్విన బోరు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, నెలన్నర ఎండబెట్టిన చెట్టుకు ఒక్కసారిగా పాదు నిండా తోలేస్తారు, చెట్టు తట్టుకోలేక బలాబలా రాల్చేస్తుంది, అప్పుడు నీళ్ళు పెట్టినా రాలతా ఉందే అని మందంగడికి పరుగు. కొంచెం కొంచెంగా, కానీ విడవకుండా, అదే చెట్టుకు కావాల్సింది. పాదులో వేరుశనగ పొట్టో చెరుకు పిప్పో మందంగా పరిస్తే పెట్టిన తడి ఇంకో నాలుగు రోజులు నిలుస్తుంది, మనకు ఆ రెండూ కొరత లేదు కదా. ఎర్రనేలల్లో బోరాన్, జింకు తక్కువ పడతాయి, లీటరుకు రెండు గ్రాముల బోరాక్స్ పూత ముందు ఒకసారి, పిందె మీద ఒకసారి కొట్టడం మా తోటలో అలవాటు, పుప్పొడి మొలకెత్తి గింజ పడేదానికి బోరాన్ కావాల. మీ నేల పరీక్ష చేయించుకొని కొట్టుకుంటే ఇంకా మంచిది.

పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు పురుగుమందు కొట్టడం నాకు అస్సలు నచ్చని పని. మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఈగలు, తేనెటీగలు కాస్త తక్కువ, ఆ మందుకు తేనెమంచు పురుగుతో పాటు అవి కూడా పోతాయి, ఇంక గింజ ఎట్లా పడుతుంది? పూమొగ్గ వచ్చేటప్పుడు ఒకటి, పిందె కట్టినాక ఒకటి కొట్టుకోండి, మధ్యలో వదిలేయండి. ముజఫర్‌పూర్‌లో అయితే లీచీ పూతకు తేనెటీగల పెట్టెలోళ్ళు లారీల్లో పెట్టెలు తెచ్చి తోటల్లో దించుతారంట, వాళ్ళకు లీచీ తేనె, తోటోళ్ళకు పిందె. ఆ పిల్లోడు తెచ్చిన సీసా మా ఇంట్లో ఉంది, లేతరంగు, నిజంగానే లీచీ వాసన వస్తుంది.

రాలిన కాయ విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. మామిడి చెట్టు నుంచి విడిపోయినాక కూడా పండే రకం, ముదిరిన కాయ గాలికి రాలినా గడ్డిలో పెడితే పండుతుంది, ముదరనిది ఊరగాయకు పోతుంది, ఇంకా లేతదైతే మన తమిళ బోర్డర్ ఊళ్ళల్లో ఉప్పులో ఊరేస్తారు, ఏదో ఒక రేటు వస్తుంది. లీచీ కోసినాక పండదు, చెట్టు మీద పండిందే పండు, పచ్చిగా రాలితే అంతే సంగతులు. పైగా ఒక ప్రమాదం కూడా ఉంది. పచ్చి లీచీలో హైపోగ్లైసిన్ అనే పదార్థం ఎక్కువ, రాత్రి అన్నం తినకుండా పడుకున్న బక్కపిల్లలు తోటల్లో రాలినవి ఏరుకొని తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ముజఫర్‌పూర్‌లో ఏటా ఎండాకాలం పిల్లలకు మూర్ఛలొచ్చి చనిపోతా ఉండినదానికి దీనితో సంబంధం ఉందని 2014 కేసుల మీద చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన పిల్లోళ్ళు ఉప్పూకారం జేబులో పెట్టుకొని రాలిన మామిడి పిందెల మీద పడతారు చూడండి, అదే అలవాటు అక్కడ ప్రాణం మీదికి వస్తుంది. పండిన లీచీ, కడుపునిండా అన్నం తిన్న పిల్లకు ఏమీ కాదు, ఇది చదివి తిరుపతిలో లీచీ బండ్లోళ్ళ పొట్ట కొట్టొద్దు.

నర్సరీలో లీచీ మొక్క దొరికింది, మేడ మీద పెట్టినాను, పిందె నిలబడాలంటే ఏం చేయాల అని మా పిన్నమ్మ అడిగింది. అది మన కుంకుడు చెట్టు కుటుంబమే, చెట్టుగా బాగానే పెరుగుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, కానీ పూత రావాలంటే చలికాలం కొన్ని వారాలు బాగా చల్లగా ఉండాల, తిరుపతి చలి దానికి ఏ మూలకూ చాలదు. కొడగు, వయనాడు కొండల్లో అయితే కాస్తుంది, అక్కడ చలికాలంలోనే పండు వస్తుంది కూడా. పిన్నమ్మా, రాలడానికి ముందు పూయాల కదా అంటే కోపం వచ్చింది ఆమెకు.

ఇంక ఈ రాలుడుతో అసలు జూదం ఆడేది గుత్త వ్యాపారులు. తోటను పూత మీద గుత్తకిస్తే రాలుడు నష్టం పూర్తిగా వ్యాపారిది, అందుకే రేటు తక్కువ చెప్తాడు, పైగా చేతికొచ్చిన తోటకు ఇష్టమొచ్చినట్టు మందులు కొట్టిస్తాడు, ఒక్క ఏడు కాపే కదా ఆయనకు కావాల్సింది, వచ్చే ఏడు చెట్టు ఏమైతే ఆయనకేంది. పిందె మీద ఇస్తే ఇద్దరూ సగం సగం భయపడతారు. నిమ్మకాయంత అయినాక ఇస్తే రేటు బాగుంటుంది, అప్పటిదాకా నీళ్ళూ మందులూ నిద్ర లేకపోవడమూ అన్నీ మనవి. బాకీలున్న రైతు ఆగలేడు, పూత మీదే ఇచ్చేస్తాడు, ఆగగలిగినోడికే నాలుగు రూపాయలు మిగులుతాయి, ఇందులో న్యాయం ఎక్కడుందో నాకైతే కనపడదు. ఈ ఏడు మా తోట చూసేదానికి వచ్చిన వ్యాపారి కూడా తక్కువోడు కాదు, చెట్టు పైకి చూడకుండా కిందే చూస్తా నడిచినాడు, ఒక పిందె తీసి గోటితో చీల్చి గింజ చూసి జేబులో వేసుకున్నాడు. చెప్పిన రేటు విని మా నాయన నవ్వి, బేనీషా (బంగినపల్లి) కాయ నిమ్మకాయంత అయినాక రా అని పంపించినాడు. అమ్మ ఏమో గాలివాన వస్తే ఎవుడిస్తాడు, ఇచ్చేసుంటే పోయేది కదా అంటా ఉంది, ఆ వాదన ఇంకా నడస్తానే ఉంది.